నాలుగు వైపుల పుస్తకం

మంగళవారం పొద్దున్న మ్యూరియల్ టైసన్ వంటగదిలో నిలబడి సబ్బుబిళ్లలు బుట్టలో సర్దుతుంటే, ఆమె భర్త విల్ఫ్ టీ తాగడం ఆపి చూశాడు.

"బడిపిల్లలకు పుస్తకాలు చూపించడానికి వెళ్తున్నావా, స్నానాలు చేయించడానికి వెళ్తున్నావా?"

"చేతులు కడిగించడానికి. ఆ పై అరలో తువ్వాళ్లున్నాయి, కాస్త అందించు."

"ఎడ్విన్ తెల్ల గ్లౌజులు కొన్నాడటగా. పెళ్లిలో వడ్డించేవాళ్లకు మల్లే."

"కొన్నాడు. గ్లౌజు తొడుక్కుంటే పాత కాగితం అంచు వేలికి తెలియదు. తెలియకపోతేనే చిరుగుతుంది. శుభ్రంగా కడిగి తుడుచుకున్న చెయ్యే మేలు. నగరంలో పాత పుస్తకాలు చూసేవాళ్లంతా ఇప్పుడు అదే అంటున్నారు. ఈ మాట చెప్తే వినడు."

"బడిలో చదువుకునే రోజుల్లోనే వినలేదు వాడు. ఇప్పుడు వింటాడా?" అన్నాడు విల్ఫ్ తువ్వాళ్లు అందిస్తూ. తర్వాత గొంతు తగ్గించి అడిగాడు. "భయంగా ఉందా?"

"ఉంది" అంది మ్యూరియల్.

భయం ఉండక ఏం చేస్తుంది. థార్న్‌బెక్ చర్చి వాకిలి మీద ఒక చిన్న గది ఉంది. సుడి తిరిగిన రాతిమెట్లెక్కి వెళ్లాలి. మూడు వందల ఏళ్ల కిందట ఆ చర్చిలో పాస్టరుగా ఉన్న బార్నబస్ విదర్స్ తన పుస్తకాలన్నీ ఆ గదిలో పెట్టి ఊరికి వదిలి వెళ్లిపోయాడు. గుమ్మం పైన నల్లచెక్క మీద తెల్లరంగుతో రాసి ఉంటుంది, 'ఈ పుస్తకాలు ఈ ఊరి బడికి' అని. మ్యూరియల్ ఎన్నో ఏళ్లుగా ఆ గదిని చూసుకుంటోంది. మెట్లెక్కిన ప్రతిసారీ ఆ మాటలు చదువుకుంటుంది. చదివిన ప్రతిసారీ మనసులో ఏదో గుచ్చుకుంటుంది. బడి రోడ్డుకు అవతలే ఉంది. ఆమెకు తెలిసినంతలో ఒక్క పిల్ల కూడా ఆ పుస్తకాలు ముట్టుకోలేదు. వేసవిలో కొండలెక్కడానికి వచ్చినవాళ్లు అద్దాల పెట్టెల్లోకి తొంగి చూసి, బాగున్నాయని చెప్పి, టీ ఎక్కడ దొరుకుతుందని అడిగి దిగిపోతారు.

విదర్స్ గారికి కృతజ్ఞతలు చెప్పుకోవడానికి చర్చిలో ఏడాదికొక ఆదివారం ఉంది. ఆ రోజు మ్యూరియల్ మోకరించి, ఇదేం కృతజ్ఞత ప్రభూ అని లోలోపల అడిగేది. ఇచ్చినవాడు ఎవరికిచ్చాడో వాళ్లకు అందనివ్వకుండా, ఇచ్చినందుకు మాత్రం పాటలు పాడుతున్నామే. దేవుడు దానికి జవాబు చెప్పలేదు గానీ, కిందటి ఏడాది బడికి కొత్త టీచరును పంపించాడు.

ఆమె పేరు మిస్ ఏరీ. చేరిన వారానికే మెట్లెక్కి వచ్చి, "ఇవి మా పిల్లలవే కదా, చెక్క మీద రాసి ఉంది" అంది. మ్యూరియల్‌కు కళ్లనీళ్లు తిరిగినంత పనైంది.

అయితే గది పైకప్పులో చెమ్మ దిగుతోంది. నగరంలో పాత పుస్తకాలు దాచే పెద్ద భద్రశాల వాళ్లు పుస్తకాలన్నీ తీసుకుంటామని ముందుకొచ్చారు. అక్కడ గాలి పొడిగా ఉంటుంది, దొంగల భయముండదు, నిప్పు భయముండదు. బస్సులో పూట ప్రయాణం. అక్కడికి పోయాక థార్న్‌బెక్ పిల్లలు వాటిని చూడటమంటూ జరగదు. గురువారం చర్చి కమిటీ కూర్చుని పంపాలో వద్దో తేల్చాలి. కమిటీలో ఎడ్విన్ ఫాదర్‌గిల్ ఎటు అంటే అటు.

ఎడ్విన్ చర్చికి పెద్ద. గొర్రెల సంతలో వేలం వేస్తాడు. చెడ్డవాడు కాడు. చిన్నప్పుడు గాలివానకు చర్చి పెంకులు లేచిపోతే, తండ్రీ కొడుకులిద్దరూ ఆ పుస్తకాలను కోట్ల కింద దాచుకుని ఒక్కొక్కటే కిందికి మోసుకొచ్చారు. అందుకే వాటి మీద అతనికి కన్నతల్లికి ఉండేలాంటి భయం. బడిపిల్లల సంగతి ఎత్తగానే ముఖం గంటు పెట్టుకున్నాడు. చివరికి మ్యూరియల్ పోరు పడలేక ఒప్పుకున్నాడు.

"ఒక్కసారి. నేను దగ్గరుంటాను. ఒక్క పేజీ చిరిగిందా, గురువారం నా చెయ్యి లేచేది పంపించేయడానికే. తర్వాత నన్ననొద్దు."

ఆ ఒక్కసారి ఇవాళే.

మ్యూరియల్ చర్చిలోకి అడుగు పెట్టేసరికి ఆపిల్ పళ్ల వాసన గుప్పుమంది. ఆదివారం కోతల పండుగ. కిటికీ అరుగుల మీద గుమ్మడికాయలు, ఉల్లిగడ్డల దండలు, గోధుమ పన ఆకారంలో కాల్చిన పెద్ద రొట్టె అప్పుడే చేరిపోయాయి. పక్కగదిలో చన్నీళ్ల కుళాయి దగ్గర పిల్లలు బారులు తీరారు. తొమ్మిదిమంది. మిస్ ఏరీ ఒక్కొక్కళ్ల చేతులూ తిప్పి చూస్తోంది.

"కిట్, గోళ్లు. మళ్లీ కడుగు."

"అది మురికి కాదు మిస్, గొర్రెలకు వేసే రంగు. పోదది."

"పోకపోతే ఆ వేలు మడిచిపెట్టుకో."

చివర నిలబడ్డ మార్తా అనే సన్నటి పిల్ల కడిగిన చేతులే మళ్లీ కడుగుతోంది. ఎవరూ చెప్పలేదు. మ్యూరియల్ తువ్వాలు అందిస్తే, "వేళ్ల మధ్యలో కూడా తుడుచుకోవాలా?" అని నెమ్మదిగా అడిగింది.

"తుడుచుకో తల్లీ."

మిస్ ఏరీ మ్యూరియల్ పక్కకు వచ్చి నిట్టూర్చింది. పై గదిలోని పెద్ద పాటల పుస్తకంలో ఉన్న కృతజ్ఞతా కీర్తనను ఆదివారం పండుగలో పిల్లలచేత పాడించాలని ఆమె పట్టుబట్టింది. నగరంలోని భద్రశాల వాళ్లు ఆ పేజీని ఫొటో తీసి, అచ్చులో తలకిందులుగా పడ్డ ముక్కలను వాళ్లే సరిచేసి, నాలుగు గొంతులకు నాలుగు కాగితాలుగా విడదీసి పంపారు.

"విడివిడిగా బాగానే పాడతారు మిసెస్ టైసన్. కలిపానా, కూలిపోతుంది. ఎవరి కాగితంలో వాళ్లు తలదూర్చి, పక్కవాళ్లను చూడనే చూడరు. నెల రోజులుగా ఇంతే. పైగా కింది గొంతు పాడటానికి మగవాళ్లెవరూ లేరు. దానికోసం చిన్న కీబోర్డు తెచ్చాను."

"పై గదిలో కరెంటు లేదమ్మా."

మిస్ ఏరీ కళ్లు మూసుకుని తెరిచింది. "సరే" అంది తర్వాత. "చూసి వద్దాం. కనీసం చూస్తారు."

పై గదిలో ఎడ్విన్ గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉన్నాడు, చేతికి గ్లౌజులు, పక్కన గ్లౌజుల పెట్టె. పిల్లలు ఒక్కొక్కరే తీసుకుని తొడుక్కున్నారు. అన్నీ పెద్దవాళ్ల కొలతలు. వేళ్ల చివర ఖాళీ గుడ్డ వేలాడుతోంది. కిట్ వాటిని ఊపుతూ, "మిస్, ఆవు పొదుగు" అన్నాడు. అందరూ నవ్వారు. ఎడ్విన్ నవ్వలేదు.

మామూలుగా ఆ గదిలో విదర్స్ గారి చదరపు బల్ల గోడకు ఆనించి ఉంటుంది. ఇవాళ ఇంతమంది పట్టరని మ్యూరియల్ దాన్ని గది మధ్యకు లాగించింది. ఎడ్విన్ అద్దాల పెట్టె తాళం తీసి, రెండు చేతులతో పాటల పుస్తకాన్ని ఎత్తి బల్ల మీద పెట్టాడు. తెరిస్తే బల్లలో సగానికి పైగా పరుచుకునే పుస్తకం. పెట్టెలో దాని పక్కనే ఎడ్విన్ తండ్రి టైపు చేసిన చీటీ ఉంటుంది. 'పాటల పుస్తకం. అచ్చులో జరిగిన పొరపాటు వల్ల కొన్ని భాగాలు పక్కకు, తలకిందులుగా పడ్డాయి.' వేసవిలో వచ్చినవాళ్లకు మ్యూరియల్ ఆ చీటీ చూపించి, "మధ్యాహ్నం బీరు ఎక్కువైనట్టుంది అచ్చువేసినతనికి" అనేది. అందరూ నవ్వేవారు. ఆ మాట ఏళ్ల తరబడి పనికొచ్చింది.

ఎడ్విన్ కీర్తన ఉన్న పేజీ కోసం ఆకు తిప్పబోయాడు. గ్లౌజు వేలు అంచును పట్టుకోలేక జారింది. మళ్లీ ప్రయత్నించాడు. గుడ్డ పోగు కాగితం మూలకు తగులుకుని, మూల ముడత పడి లేచింది. ఎడ్విన్ చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

ముందే చెప్పానుగా అన్న మాట మ్యూరియల్ నోటిదాకా వచ్చింది గానీ దేవుడి దయవల్ల అక్కడే ఆగిపోయింది.

ఎడ్విన్ పోగును మెల్లిగా విడిపించి, రెండు గ్లౌజులూ తీసి, మెట్లు దిగి వెళ్లాడు. కింద కుళాయి చప్పుడు వినిపించింది. తిరిగి వచ్చేటప్పుడు చేతులు ఎర్రగా ఉన్నాయి.

"చూస్తారేం. తీసెయ్యండి అవి" అన్నాడు పిల్లలతో.

వట్టి చేత్తో ఆకు ఇట్టే తిరిగింది.

పిల్లలు బల్ల మీదికి వంగారు. సన్నటి అయిదు గీతలు, వాటి మీద నాలుగు పలకల గింజల్లా స్వరాలు. మిస్ ఏరీ వాళ్లను వరసగా ఒకవైపు నిలబెట్టాలని చూసింది గానీ చోటు చాల్లేదు. మార్తా ఆఖరున వచ్చింది. మళ్లీ కడుక్కుని వచ్చినట్టుంది. ఇటువైపు సందు లేక, కిటికీకీ బల్లకూ మధ్య ఒదిగి, అందరికీ ఎదురుగా అటువైపు నిలబడింది.

"చూశారా, ఇక్కడ తలకిందులుగా ఉంది" అంటోంది మిస్ ఏరీ. "ఆ రోజుల్లో అచ్చు వెయ్యడమంటే ఎంత కష్టమో..."

"మిస్" అంది మార్తా. "ఇక్కడినించి సరిగ్గానే ఉంది."

"ఏది మార్తా?"

"నా పాట. నేను పాడేది. మీరందరూ తలకిందులుగా చూస్తున్నారు."

"నువ్వే తలకిందులుగా పుట్టావు" అన్నాడు కిట్.

మార్తా వాడిని పట్టించుకోలేదు. వేలు తగలనివ్వకుండా పేజీ మీద గాల్లో గీత గీస్తూ, మొదటి నాలుగు స్వరాలూ సన్నగా పాడింది. నెల రోజులుగా ఆమె కాగితంలో చూసి పాడుతున్నది అదే. తప్పు లేకుండా.

కిట్ తల పక్కకు వాల్చాడు. తర్వాత ఇంకాస్త వాల్చాడు. తల అలాగే ఉంచి బల్ల చుట్టూ నడిచి కుడివైపు వెళ్లి, తల నిలబెట్టాడు. "ఇది నాది" అన్నాడు. ఈసారి వాడి గొంతులో వెటకారం లేదు.

ఆ తర్వాత ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేకపోయింది. పిల్లలు బల్ల చుట్టూ మూడు వైపులా సర్దుకున్నారు. మిస్ ఏరీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది.

"ఒక్కటే పుస్తకం" అంది చివరికి. "ఇంటిల్లిపాదికీ ఒక్కటే. బల్ల మధ్యలో పెట్టుకుని చుట్టూ కూర్చునేవాళ్లు. ఇందులో పొరపాటేమీ లేదు. మనమే..."

మ్యూరియల్‌కు బీరు మాట గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి. పాపం ఆ అచ్చుపనివాడు. నాలుగు వైపులకూ అక్షరాలు తిప్పి తిప్పి పేర్చడానికి ఎంత నిదానం కావాలి. ఎవరింట్లో ఎవరు కూర్చుని పాడతారో తెలియకుండానే, ఒక్కొక్కరి ముందూ వాళ్ల పాట వాళ్లకు కనబడేలా పెట్టాడు. మేమేమో బల్లను గోడకు నెట్టేసి, తప్పంతా అతని మీదికి నెట్టేశాం.

ఎడ్విన్ గుమ్మం దగ్గరినించి అద్దాల పెట్టెలోని చీటీ వైపు చూశాడు. తర్వాత పుస్తకం వైపు చూశాడు.

"బెంచీలు లాక్కోండి" అంది మిస్ ఏరీ. "పాడదాం."

పాడారు. ఇదివరకటిలా కూలిపోలేదు. తలదూర్చడానికి ఎవరి కాగితం వాళ్లకు లేదు. కళ్లెత్తితే ఎదుటివాళ్ల నోళ్లు కనబడుతున్నాయి. ఒకరు ఊపిరి తీసుకుంటే మిగిలినవాళ్లూ తీసుకుంటున్నారు. అయినా పాట సగానికి వచ్చాక మార్తా ఆపేసింది.

"కింద ఏమీ లేదు మిస్. నేల లేని ఇంట్లో నిలబడ్డట్టుంది."

అందరి చూపూ బల్ల నాలుగో వైపుకు తిరిగింది. అక్కడ బెంచీ ఖాళీగా ఉంది. బెంచీ వెనక ఎడ్విన్ ఫాదర్‌గిల్ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"నేను కాపలాకు వచ్చాను" అన్నాడు.

"మీరు సంతలో అరిస్తే కొండమీద మా అమ్మకు వినబడుతుందట" అన్నాడు కిట్.

"అది అరవడం కాదురా, వేలం."

"ఆదివారాలు చర్చిలో పాడతావు కదా ఎడ్విన్" అంది మ్యూరియల్. "నీ కింది గొంతుకు నా మోకాళ్ల కింది పలక వణుకుతుంది."

"అది నాకు తెలిసిన పాట. ఇది తెలియదు."

"అక్కడినించే చదువుకోవచ్చు కదా" అన్నాడొక పిల్లవాడు.

"నిలబడితే కనబడదు" అంది మార్తా. "కూర్చుంటేనే. అలా అచ్చువేశారు."

ఎడ్విన్ వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. ఆ బెంచీ పిల్లల కోసం తెచ్చింది, మోకాళ్లు గడ్డం దాకా వచ్చాయి. ఎవరూ నవ్వలేదు. కళ్లజోడు పెట్టుకుని తన ముందున్న వరసను చూశాడు. పెదవులు కదిలాయి.

"తాళం గీతలు లేవే. ఎక్కడ మొదలుపెట్టాలో ఎలా తెలుస్తుంది?"

"నన్ను చూడండి" అంది మార్తా. "నేను గాలి పీల్చినప్పుడు మీరూ పీల్చండి."

అతను మొదటిసారి తప్పాడు. రెండోసారి కిట్ తప్పాడు, ఎడ్విన్ వాడివైపు గొర్రె వెల దగ్గర బేరమాడినవాణ్ని చూసినట్టు చూశాడు. మూడోసారి ఎవరూ తప్పలేదు. మార్తా అడిగిన నేల పాట కిందికి వచ్చింది. చిన్న గొంతులు దానిమీద నిలబడి పైకి లేచాయి. రాతి గదికి ఆ పాట ఎన్ని తరాల కిందట వినబడిందో ఏమో. మ్యూరియల్ గోడకు ఆనుకుని కళ్లు మూసుకోబోయి, తెరిచే ఉంచింది. చూడకపోతే ఎలా.

పేజీ అయిపోవచ్చింది. ఆకు తిప్పాలి. ఎవరు తిప్పుతారో ముందుగా అనుకోలేదు. ఎడ్విన్ చెయ్యి అంచు దాకా వచ్చి, ఆగింది. చివరి స్వరం పట్టుకుని ఉన్నాడు, మాట్లాడలేడు. కళ్లెత్తి మార్తా వైపు చూసి తల ఊపాడు. ఆ పిల్ల అరచేతిని కాగితం కిందికి చదునుగా పోనిచ్చి, నిద్రపోయే పసిబిడ్డను పక్కకు తిప్పినంత మెత్తగా ఆకు తిప్పింది. పాట తెగలేదు.

పాట ముగిసింది. కిట్, "మళ్లీ" అన్నాడు. మళ్లీ పాడారు.

పిల్లలు దిగి వెళ్లిపోయాక మెట్ల మీద వాళ్ల పాట ఇంకా వినబడుతూనే ఉంది, ఎవరి ముక్క వాళ్లది. ఎడ్విన్ బెంచీ మీదినించి లేవలేదు. ఆకు కింది మూలను చూస్తున్నాడు.

"ఇలా రా మ్యూరియల్. ఇక్కడ చిరిగింది."

ఆమె దగ్గరికి వెళ్లి వంగి చూసింది. చిరుగు నిజమే. దానిమీద పల్చటి కాగితం పట్టీ ఎవరో అతికించి ఉన్నారు. పట్టీ కూడా పేజీలాగే పచ్చబడిపోయింది. చుట్టూ గోధుమరంగు మరకలు, వేళ్ల జాడలు. నాలుగు వైపులా ఉన్నాయి. అద్దం వెనక ఉన్నన్నాళ్లూ అవి చెమ్మ మరకలే అనుకుంది.

"పాతది" అంది.

"పాతదే. పాడుతూ పాడుతూ గబుక్కున తిప్పి ఉంటారు."

"చింపినవాళ్లున్నారు. అతికించినవాళ్లూ ఉన్నారు."

ఎడ్విన్ లేచి పెట్టెలోంచి తండ్రి టైపు చేసిన చీటీ తీశాడు. పారేస్తాడేమో అనుకుంది. మడిచి కోటు లోపలి జేబులో పెట్టుకున్నాడు.

"నాన్న బల్లను గోడకే ఉంచేవాడు. చోటు చాలదని" అన్నాడు. "ఆయనకూ కింది గొంతే. తెలిసుంటే వదిలేవాడు కాదు."

"గురువారం ఏం చెప్తావు?"

"పైకప్పు బాగుచేయించమంటాను. ఊళ్లో గొర్రెలున్న ప్రతివాడి దగ్గరా చందా రాబడతాను, అది నా వంతు." కళ్లజోడు తుడుచుకున్నాడు. "ఆ నగరానికి పంపిస్తే అక్కడ కింది గొంతు ఎవడు పాడతాడు? నాకక్కడ ఎవరూ తెలియరు."

మ్యూరియల్ నవ్వింది. నవ్వుతూనే తువ్వాలుతో కళ్లు తుడుచుకుంది.

"వచ్చే మంగళవారం నాకు సంత ఉంది" అన్నాడు గుమ్మం దగ్గర ఆగి. "మిస్ ఏరీతో చెప్పు, బుధవారం పెట్టుకోమను. ఆ పొట్టి బెంచీ మాత్రం మార్చండి."

అతను వెళ్లాక ఆమె పుస్తకాన్ని పెట్టెలో పెట్టి తాళం వేసింది. తడి తువ్వాళ్లు బుట్టలో సర్దుకుంది. వాళ్ల చర్చిలో చనిపోయినవాళ్ల కోసం ప్రార్థించే అలవాటు పెద్దగా లేదు. ప్రార్థించకూడదేమో గానీ, కృతజ్ఞత చెప్పుకోవడానికి ఎవరి అనుమతి కావాలి? విదర్స్ గారికి చెప్పుకుంది. చిరుగు అతికించిన చేతులకు చెప్పుకుంది, అవెవరివైతేనేం. పేరు తెలియని ఆ అచ్చుపనివాడికి అందరికంటే ఎక్కువసేపు చెప్పుకుంది, బీరు మాటకు క్షమించమని కూడా అడిగింది.

బుట్ట ఎత్తుకుని బయల్దేరుతూ, అలవాటు కొద్దీ బల్లను గోడకు జరపబోయింది. చెయ్యి వేసి, తీసేసింది. బల్లను అక్కడే గది మధ్యలో వదిలి, దాని చుట్టూ తిరిగి గుమ్మం వైపు నడిచింది.